నీళ్లు లేని చోట గాలం

"తొట్టి మూత నేను తీయనమ్మా. జైల్లో పెట్టినా తీయను," అంది వంటామె. వంటశాల గుమ్మం దాటి ఒక్క అడుగు కూడా లోపలికి వేయలేదు.

"జైల్లో పెట్టడానికే బయట జీపు ఆపుకుని కూర్చున్నారు తల్లీ. కొత్తగా నువ్వు గుర్తుచేయక్కర్లేదు," అంది పిన్నీసు.

పిన్నీసు ఆమె అసలు పేరు కాదు. పోలీసు ఉద్యోగంలో ఉన్న రోజుల్లో తోటివాళ్లు పెట్టింది. మనిషి పొట్టి, మాట మహా వాడి. ఉద్యోగానికో దణ్ణం పెట్టి, సొంతంగా డిటెక్టివ్ బోర్డు తగిలించుకుని చాలా కాలమైంది గానీ ఆ పేరు మాత్రం ఆమెను వదల్లేదు. ఇప్పుడు ఆమే ఆ పేరు చెప్పుకుంటోంది.

ఈ విడిది సేదదీరడానికి వచ్చేవాళ్లది. పొద్దున్నే పడవెక్కి గాలం వేయాలి, దొరికింది తెచ్చి తామే వండుకునో, వంటామె చేత వండించుకునో తినాలి, మధ్యాహ్నం సముద్రం వైపు కాళ్లు చాపుకుని నిద్రపోవాలి. అంతకు మించి ఇక్కడికి వచ్చినవాళ్లకు వేరే పనిలేదు. అలాంటి చోట, ఏటా భార్యతో కలిసి వచ్చే పెద్దమనిషి ఒకాయన మొన్న శవమై తేలాడు. వంటశాల వెనక మెట్ల దగ్గరికి మధ్యాహ్నపు పోటుతో పాటు కొట్టుకొచ్చాడు. ఊపిరితిత్తుల నిండా ఉప్పునీళ్లు. కాలుజారి సముద్రంలో పడ్డాడనే అందరూ అనుకునేవారు, కుడిచేతి పిడికిట్లో ఎర్రదారం ముక్క దొరక్కపోతే.

ఆ దారం వంటామెది. పట్టుకొచ్చిన పీతలు ఒకదాన్నొకటి పీక్కుతినకుండా, తొట్టిలో వేసేముందు వాటి ముందరి కాళ్ల డెక్కలకు ఆమె కట్టే దారం. సముద్రంలో తిరిగే పీతలకు ఎవరూ దారాలు కట్టరు. అంటే ఆయన్ని ముంచి చంపింది సముద్రంలో కాదు, ఈ వంటశాల తొట్టిలో. అంతవరకూ ఇన్‌స్పెక్టర్ బుర్ర బాగానే పనిచేసింది. ముంచింది వంటామె అని కూడా అతనే తేల్చేశాడు. సాయంత్రం అయ్యేసరికి ఆమెను స్టేషన్‌కి తీసుకుపోతానని చెప్పాడు. "ఆమె అలాంటిది కాదండీ, మీరొకసారి చూడండి," అని పిన్నీసుకు కబురు పెట్టింది పోయినాయన భార్య.

"సరే, లోపలికి రాకు. అక్కడే నిలబడి చెప్పు," అంది పిన్నీసు. "ఆ రాత్రి భోజనాల దగ్గర గొడవేమిటి?"

"ఆయన పట్టిన చేపని నేను మార్చేశానన్నారు. మంచులో దాచిన పాత చేప వడ్డించానన్నారు. అందరి ముందూ దొంగదానా అన్నారమ్మా. ఈ చేత్తో ఎన్నేళ్లు వండిపెట్టాను! నాకూ నోరుంది కదా. 'ఇంత మాటన్నారు, మీకు ఈ కూడు అరగదు' అనేశాను." వంటామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఎందుకన్నానో ఏమో. నా నోరు పడిపోను."

"ఆయన తిట్టింది నిన్నొక్కదాన్నేనా?"

"బామ్మర్దిని కూడా తిట్టారు. తన షాపులో పెట్టుకున్నారట ఆ అబ్బాయిని. చేతకాని వెధవ, వచ్చే నెల నుంచి నువ్వు రానక్కర్లేదు, నీ దారి నువ్వు చూసుకో అన్నారు. ఆ పిల్లాడు కిక్కురుమనలేదు. తలొంచుకుని తింటూనే ఉన్నాడు. సముద్రం చూడ్డం కూడా అతనికి ఇదే మొదటిసారిట, పాపం."

"తరవాత నువ్వెక్కడికెళ్లావు?"

"గిన్నెలు కడిగి, తాళం వేసి, ఆసుపత్రికి పరిగెత్తాను. నా కూతురికి నొప్పులు. తెల్లవార్లూ ఆ వరండాలోనే పడున్నాను, నర్సులనడగండి. తెలతెలవారుతుంటే ఆడపిల్ల పుట్టింది. దాని మొహం సరిగ్గా చూసుకోనైనా లేదు, వీళ్లకి కాఫీలు అందవని ఉరుకులు పరుగుల మీద వచ్చేశాను." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "వచ్చి తలుపు తీశానా, చప్పుడు లేదు."

"ఏ చప్పుడు?"

"పీతలదమ్మా. రాత్రీ పగలూ కాళ్లతో ఆ సిమెంటు గోడల్ని గోకుతూనే ఉంటాయి. నాకది అలవాటైపోయింది. ఆ పొద్దున చీమ చిటుక్కుమంటే ఒట్టు. మూత తీశాను. అన్నీ కాళ్లు ముడుచుకుని అడుగున పడున్నాయి. చేపలు తెల్లకడుపులు పైకి పెట్టి తేలుతున్నాయి. ఒక్క ప్రాణి మిగల్లేదు. అప్పటికి పెద్దాయన పోయిన సంగతి నాకు తెలీదు, అయినా ఆ నీళ్లలో చెయ్యి పెట్టబుద్ధి కాలేదు. చిక్కంతో పైకి తీసి గొయ్యి తవ్వి పాతేశాను. చావు నాకు ముందే కబురు చెప్పిందమ్మా. ఇప్పుడేమో ఆ ఖాళీ తొట్టిలోంచి మళ్లీ గోకుతున్న చప్పుడు. నిన్న విన్నాను. మొన్న కూడా విన్నాను. ఆయనే."

నవ్వేసి ఊరుకుందామనుకుంది పిన్నీసు. వంటామె కళ్లు చూశాక నవ్వు రాలేదు.

వంటశాల పొడవాటి గది. మూడు రాతిపొయ్యిలు, గోడకు వేలాడే మూకుళ్లు, చేపలు కోసే పీట, మేకుకు తగిలించిన ఎర్రదారం ఉండ. తాళంచెవి భోజనాల గదిలో మేకు మీద అందరికీ అందేటట్టు ఉంటుంది. ఎవరి చేప వాళ్లు ఎప్పుడైనా వచ్చి వండుకోవచ్చునన్నది ఈ విడిది పద్ధతి. వెనక తలుపు తీస్తే మెట్లు, మెట్ల కింద సముద్రం. పోటు వచ్చిందంటే కింది మెట్లు నీళ్లలో మునిగిపోతాయి. తొట్టి వెనక గోడకు ఆనుకుని నడుమెత్తు ఉంది. దానికి జానెడు పైన గిన్నెలు కడిగే కుళాయి, కుళాయికి రబ్బరు గొట్టం.

పిన్నీసు చెక్కమూత జరిపింది. నీళ్లు అంచుదాకా నిశ్చలంగా ఉన్నాయి. వంగి చూస్తే తన మొహమే కనిపించింది. తన చేపను ఇందులోనే దాచారేమోనని వెతుకుతూ సరిగ్గా ఇలాగే వంగి ఉండాలి ఆ మనిషి. వెనక నుంచి ఎవరో మెడ మీద చెయ్యి వేసి నొక్కితే కాళ్లు నేలమీదే ఉంటాయి, ఊపిరి మాత్రం ఆగిపోతుంది. చేతికి దొరికిన పీతనల్లా పట్టుకుని పెనుగులాడి ఉంటాడు. లోపలి గోడ మీద, నీటి మట్టానికి కాస్త కింద, పక్కపక్కనే నాలుగు గీతలున్నాయి. పీత కాళ్లు అలా గీయవు. పిన్నీసు తన నాలుగు వేళ్లు వాటి మీద ఆనించి చూసింది. సరిగ్గా సరిపోయాయి. చెయ్యి వెనక్కి లాక్కుంది.

తడిసిన వేలు ఎందుకో నాలుక మీద పెట్టుకుంది. పెట్టుకున్నాక గానీ అవి ఏ నీళ్లో గుర్తుకురాలేదు. వెనక తలుపు దగ్గరికి పరిగెత్తి ఉమ్మేసింది. నోరు తుడుచుకుంటూ అలాగే ఆగిపోయింది.

"ఈ తొట్టిలో నీళ్లు ఎవరు పోస్తారు?"

"సరంగు తాత. మెట్ల కింద నుంచి బిందెలతో మోసుకొచ్చి పోస్తాడు. పెద్దాయనా వాళ్లావిడా కూడా వచ్చినప్పుడల్లా సరదాకి తలో బిందె తెచ్చి పోసేవారు."

"కుళాయి నీళ్లు పోస్తే?"

"కుళాయి నీళ్లా!" వంటామె భయం మరిచిపోయి గయ్యిమంది. "ఇంకేమన్నా ఉందా? అవి ఉప్పునీటి జీవాలమ్మా. తెల్లారేసరికి ఒక్కటి మిగలదు. గిన్నె కడిగిన నీళ్లు పొరపాటున చిందినా నేను ఊరుకోను."

"మరి ఈ నీళ్లు చప్పగా ఉన్నాయి. సముద్రపు నీళ్లలో ఉండాల్సిన ఉప్పులో సగం కూడా లేదు. నీకు కబురు చెప్పింది చావు కాదు, ఈ కుళాయి."

వంటామెకు అర్థం కాలేదు. అర్థమైనవాడు మాత్రం గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"రుచి ఎలా ఉంది మేడమ్?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఒకప్పుడు పిన్నీసు కింద పని నేర్చుకున్న కుర్రాడే. ఇప్పుడు మీసం పెరిగింది, దానితోపాటు గొంతు కూడా పెరిగింది.

"నువ్వూ చూడు అబ్బాయ్. కేసు రాసే ముందు ఓ చుక్క నాలుక మీద వేసుకుంటే ఇంత శ్రమ తప్పేది. పెనుగులాటలో సగానికి పైగా నీళ్లు నేలపాలయ్యాయి. తొట్టి వెలితిగా కనిపిస్తే అనుమానం వస్తుందని చంపినవాడు గొట్టం పెట్టి నింపాడు. ఈ ఇంట్లో పనిచేసే మనిషి ఛస్తే ఆ పని చేయదు."

"హత్య చేసిన మనిషి పీతల ఆరోగ్యం చూసుకుంటుందా? కంగారులో ఏది చేతికందితే అది పోస్తారు."

మాట బాగానే ఉంది. పిన్నీసు లోపల ఒప్పుకుంది గానీ పైకి అనలేదు.

"పైగా," అన్నాడతను, "పెద్దాయన తెల్లవారుజామున బతికే ఉన్నాడు. ఇద్దరు చూశారు. ఆయన భార్య మేడమీది కిటికీలోంచి చూసింది. సరంగు పడవ దిగి వస్తూ చూశాడు. పసుప్పచ్చ వానకోటు, టోపీ పెట్టుకుని ఒడ్డున నల్లరాయి మీద గాలం వేసుకుని కూర్చున్నాడు. కోటూ గాలం కర్రా ఆ రాయి మీదే దొరికాయి. గాలం వేసి, మంచినీళ్లకో మరి దేనికో వంటశాలకొచ్చాడు. ఈవిడ అప్పుడే ఆసుపత్రి నుంచి వచ్చింది. రాత్రి తగువు మళ్లీ మొదలైంది. ఇంకేం కావాలి?"

"ఆయన అర్ధరాత్రే పోయాడని శవాన్ని చూసిన డాక్టరు అన్నాడు కదా?"

"మొదట అన్నాడు. తెల్లవారుజామున పోయి ఉండొచ్చా అని నేనడిగితే కాదనలేనన్నాడు."

"నువ్వెలా అడిగి ఉంటావో నాకు తెలుసులే. నేర్పింది నేనేగా."

ఇన్‌స్పెక్టర్ మొహం ఎర్రబడింది. "మీరు ఎన్నయినా అనండి. ఆ కిటికీలోంచి చూశానని ఆవిడ సంతకం పెడితే చాలు. జీపు కదులుతుంది."

"పద, ముందు సరంగు మాట ఇద్దరం కలిసి విందాం," అంది పిన్నీసు.

సరంగు తాత పెరట్లో తిరగేసిన పడవ నీడన వల బాగుచేసుకుంటున్నాడు. పడవ నడిపేది అతనే. విడిదికి వచ్చినవాళ్లను సముద్రం మీదికి తిప్పి తెచ్చేదీ అతనే. వీళ్లను చూడగానే వల పక్కన పెట్టేశాడు.

"నేను చెప్పింది ఈ బాబు రాసుకోలేదమ్మా," అన్నాడు ముందుగానే. "సగమే రాసుకున్నాడు."

"ఆ మిగతా సగం దయ్యాల కథ మేడమ్," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"నాకు కావలసింది అదే. చెప్పు తాతా."

"నేను చూసింది పెద్దాయన్ని కాదు. ఆయన దయ్యాన్ని. అప్పుడు తెలీలేదు. మధ్యాహ్నం శవం వచ్చాక, డాక్టరు బాబు రాత్రే పోయాడన్నాక నా గుండె ఆగినంత పనైంది. మరి పొద్దున రాయి మీద కూర్చుందెవరు?"

"బతికున్న మనిషి కావచ్చుగా?"

తాత తల అడ్డంగా ఊపాడు. "ఆ వేళ సముద్రం వెనక్కి పోయుంది. రాయి చుట్టూ నీటిచుక్క లేదు, ఒట్టి గుండ్లే. నా పడవ అల్లంత దూరాన ఆపుకుని ఇసకలో నడిచొచ్చాను. ఆయన గాలం దారం చూస్తే ఆ గుండ్లలోకి వేలాడుతోంది. పదేళ్ల నుంచి ఏటా నా పడవెక్కే మనిషమ్మా. ఏ రాయి కింద ఏ వేళకి చేప ఉంటుందో నాకే పందెం కట్టి చెప్పేవాడు. అలాంటాయన పొడిరాళ్లలోకి గాలం వేస్తాడా? పోయినవాడికి నీళ్లతో పనేముంది, అందుకే వేశాడు. 'అయ్యగారూ' అని కేకేశాను. తల తిప్పలేదు. చినుకుల్లో ఆ పచ్చకోటు అలాగే కూర్చుని ఉంది. మళ్లీ అటు చూడలేదు నేను. ఇప్పటికీ తెల్లవారుజామున పడవ తీయాలంటే కాళ్లు రావడం లేదు."

పిన్నీసు ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. అతను నవ్వడం ఎప్పుడో మానేశాడు.

"నువ్వు దయ్యాల్ని నమ్మవు కాబట్టి ఆయన తెల్లవారేదాకా బతికే ఉన్నాడన్నావు. ఈ తాత డాక్టర్ని నమ్మాడు కాబట్టి దయ్యమన్నాడు. రాయి మీద కూర్చున్నది బతికున్న మనిషే, కానీ పెద్దాయన కాదు. ఆయన కోటు తొడుక్కున్న మనిషి. రాత్రే చంపి, వెనక మెట్ల మీద నుంచి పోటు నీళ్లలోకి తోసేసి, తొట్టి నింపేసి, తెల్లారాక ఆ వేషంలో వెళ్లి కూర్చున్నాడు. గాలం వేస్తూ సముద్రంలో పడిపోయాడని అందరూ అనుకోవాలని. పిడికిట్లో దారం ముక్క సంగతి చూసుకోలేదు."

"ఎవరు?"

"ఉప్పునీళ్లయినా మంచినీళ్లయినా ఒకటే అనుకున్నవాడు. సముద్రం వెనక్కి పోతుందని కూడా తెలియనివాడు. వంటామెకు తెలుసు, తాతకు తెలుసు, ఆయన భార్యకు తెలుసు. ఆ రాత్రి ఈ ఇంట్లో తెలియని మనిషి ఒక్కడే. ఆ భోజనాల దగ్గర తిట్లు తిన్నది ఇద్దరు, అబ్బాయ్. ఎదురు మాట్లాడినదాన్ని నువ్వు పట్టుకున్నావు. తలొంచుకుని తిన్నవాణ్ణి వదిలేశావు."

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి తల తుడుచుకున్నాడు.

"బామ్మర్ది," అన్నాడు చివరికి. "అయి ఉండొచ్చు. నేను కాదనను. కానీ సాక్ష్యం ఏది మేడమ్? కోర్టులో పీతల్ని నిలబెట్టి ప్రమాణం చేయిస్తానా? తొట్టి నీళ్లు చప్పగా ఉన్నాయి, తాత దయ్యాన్ని చూశాడు అంటే జడ్జి నన్ను బయటికి గెంటేస్తాడు. నా దగ్గర దారం ఉంది, తగువు ఉంది, కిటికీలోంచి చూసిన భార్య ఉంది. అక్కాతమ్ముళ్లు ఇంకాసేపట్లో కారెక్కి వెళ్లిపోతారు. నేను కాగితం రాసుకుని పైకి వస్తాను. ఈలోగా మీరు చేయగలిగింది చేసుకోండి."

అతను చెయ్యి ఊపగానే కానిస్టేబుల్ వంటామెను జీపులో ఎక్కించాడు. ఆమె ఏడవలేదు. "నా మనవరాలికి ఇంకా పేరు కూడా అనుకోలేదమ్మా," అని మాత్రం అంది. పిన్నీసు మేడమెట్లు రెండేసి చొప్పున ఎక్కింది.

పోయినాయన భార్య చొక్కాలు మడతపెట్టి పెట్టెలో సర్దుతోంది. నలభై దాటిన మనిషి. మూడు రోజుల్లో మొహం పీక్కుపోయింది.

"రండి. మిమ్మల్ని అనవసరంగా శ్రమపెట్టాను," అంది. "సంతకం పెట్టేసి వెళ్లిపోతానండీ. మావాడు కారు సిద్ధం చేశాడు. వాడే లేకపోతే ఈ మూడు రోజులూ ఏమైపోయేదాన్నో. అమ్మ పోయాక నేనే పెంచాను వాణ్ణి. నా గొంతు వినిపిస్తే చాలు, ఎక్కడున్నా పలుకుతాడు."

పిన్నీసు కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది. అక్కడి నుంచి నల్లరాయి చక్కగా కనిపిస్తోంది. ఇప్పుడు దాని చుట్టూ నీళ్లు తిరుగుతున్నాయి.

"ఆ తెల్లవారుజామున మీరు చూసింది ఎవరిని?"

"ఆయన్నే."

"బతికున్న ఆయన్నా?"

ఆమె చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "మీరు నవ్వనంటే చెబుతాను. చూశానని పోలీసులకు చెప్పాను. కానీ అంతా చెప్పలేదు. అది నాది. అది ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు."

"నవ్వను."

"ఆయన నోరు మంచిది కాదండీ. మీకు తెలిసే ఉంటుంది. మనసు మంచిదని నేనే అనుకునేదాన్ని, పైకి ఎప్పుడూ చూపించేవారు కాదు. ఇక్కడికి వచ్చినప్పుడల్లా ఈ కిటికీలోంచి పిలిచేదాన్ని. ఏమండీ, కాఫీ తెమ్మంటారా అని. పదేళ్లలో ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. గాలం వేశాక ఆయనకు నేను లేను, ప్రపంచం లేదు. ఆ పొద్దున కూడా పిలిచాను. తిరిగారు." ఆమె కళ్లు నిండిపోయాయి. "తిరిగి నా వైపు చూసి చెయ్యి ఊపారండీ. ఇలా, చిన్నగా. మొహం కనబడలేదు, టోపీ అడ్డం వచ్చింది. అప్పటికే పోయారని డాక్టరు చెప్పాక నాకు అర్థమైంది. వెళ్లిపోతూ నాకోసం వచ్చారు. బతికుండగా చేయలేనిది అప్పుడు చేశారు. ఇంక నాకేం వద్దు. ఆ ఒక్క చెయ్యి ఊపినదానితో మిగతా జన్మంతా బతికేస్తాను."

పిన్నీసుకు ఈ మాట ఈమె దగ్గరే వదిలేసి కిందికి దిగిపోతే బాగుండుననిపించింది. కింద జీపులో వంటామె కూర్చుని ఉంది.

"అమ్మా, నన్ను క్షమించండి," అంది. "ఆ వేళ ఆ రాయి కింద నీళ్లు లేవు."

ఆమె వెంటనే కాదనలేదు. వచ్చి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది. ఏటా ఈ సముద్రం ముందుకు రావడం, వెనక్కి పోవడం చూసిన మనిషి.

"లేవు," అంది మెల్లగా. "నేనూ చూశాను. చూసి కూడా ఏమీ అనుకోలేదు. ఆయన తిరిగారన్న సంతోషంలో అది నాకు పట్టలేదు."

"రాత్రి తొట్టిని ఎవరో కుళాయి నీళ్లతో నింపారు."

"కుళాయి నీళ్లా? ఈ తొట్టి సంగతి తెలిసినవాళ్లెవరూ..." అని ఆగిపోయింది. పిన్నీసు ఎవరి పేరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించగానే ఆమె పిన్నీసు మణికట్టు గట్టిగా పట్టుకుంది, మాట్లాడొద్దన్నట్టు.

తమ్ముడు లోపలికి వచ్చాడు. మెత్తని మొహం, నిద్రలేని కళ్లు. వెనకే ఇన్‌స్పెక్టర్.

"అక్కా, ఈ పెట్టె దించేయనా? సార్ సంతకం కోసం వచ్చారు. అది పెట్టేస్తే చీకటి పడకుండా ఇల్లు చేరిపోతాం," అన్నాడు తమ్ముడు. ఒంగి పెట్టె మూత వేసి బెల్టు బిగించడం మొదలుపెట్టాడు.

ఇన్‌స్పెక్టర్ కాగితం బల్లమీద పరిచి, పెన్ను మూత తీసి ఇచ్చాడు. ఆమె పెన్ను తీసుకుంది. కాగితం వైపు చూడలేదు. ఒంగి ఉన్న తమ్ముడి వీపు వైపు చూస్తూ, ఇంట్లో ఏ చిన్న సంగతో అడిగే గొంతుతో అడిగింది.

"ఒరే, ఆ పొద్దున నాకెందుకురా చెయ్యి ఊపావు?"

అతను తలెత్తలేదు. బెల్టు బిగిస్తూనే జవాబు చెప్పాడు.

"నువ్వు పిలిచావు కదక్కా."